ముందు మెరక, తరువాత మంద

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

గొర్రెల పెంపకం గురించి ఓ అరగంట మాట్లాడమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. నేను వక్తను కాను. పశువుల ఆసుపత్రి ఉద్యోగంలో చాలా ఏళ్ళు గోదావరికి ఇటు గట్టూ అటు గట్టూ సైకిలు మీద తిరిగినవాణ్ణి. చచ్చిన గొర్రెను కోసి, కార్జం చేతిలోకి తీసుకుని, ఎందుకు చచ్చిందో యజమానికి చూపించడం నా పనిలో ఓ భాగం. ఆ అనుభవంతోనే నాలుగు ముక్కలు మనవి చేసుకుంటాను. ఉపన్యాసంలా కాక, ఇంట్లో కూర్చుని చెప్పుకున్న మాటల్లా వినండి.

ప్రవక్తలందరూ గొర్రెలు కాచినవారేనని హదీసుల్లో వుందని మన ఇళ్ళల్లో పిల్లలకు చెబుతాం. చెప్పడం సులువే. కాచి చూస్తే తెలుస్తుంది, అదెంత ఓపిక పనో. గొర్రెకు నొప్పి వస్తే అరవదు. మేకలా గోల చేయదు. మంద వెనకాల తల వంచుకుని నడుస్తుంది, అంతే. అది వెనకబడిందని గమనించే కన్ను మనకు వుండాలి.

మన సంఘం పేద కుటుంబాలకు వడ్డీ లేని అప్పు ఇస్తోంది. ఒకరు కుట్టుమిషను అడుగుతారు, ఒకరు టీ బండి అడుగుతారు, ఒకరు అయిదు గొర్రెలు కొనుక్కుంటామంటారు. కుట్టుమిషను పాడైతే బాగుచేయించుకోవచ్చు. గొర్రె చస్తే అప్పు మాత్రం బతికి వుంటుంది. అందుచేత గొర్రెల కోసం డబ్బు ఇచ్చే ముందు సంఘం ఒక ప్రశ్న వేయాలని నా ప్రార్థన. "అమ్మా, వానాకాలంలో నీ గొర్రె ఎక్కడ నిలబడుతుంది?" దీనికి సరైన జవాబు దొరికాకనే డబ్బు చేతిలో పెట్టండి. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగతాదంతా దీనికి వివరణ.

మెట్ట జీవి, పల్లపు నేల

మనం పెంచే గొర్రె ఉన్ని గొర్రె కాదు. ఒంటి మీద పొట్టి వెంట్రుకలే గాని కత్తిరించి కంబళి నేసే ఉన్ని వుండదు. తెలంగాణ వైపు, రాయలసీమలో కొన్నిచోట్ల కనిపించే నల్లటి దక్కనీ గొర్రెకు ఉన్ని వుంటుంది. మన కోస్తాలో ఎక్కువగా వున్నది నెల్లూరు జాతి. మన దేశపు గొర్రె జాతుల్లో ఎత్తైనది ఇదే. పొట్టేలుకు కొమ్ములుంటాయి, ఆడదానికి వుండవు. ఇందులో మూడు రకాలు. ఒళ్ళంతా తెలుపుగా వున్నది పల్ల. తెల్లటి ఒంటికి మూతి దగ్గర, కళ్ళ చుట్టూ, పొట్ట కింద, కాళ్ళ మీద నలుపు వున్నది జోడిపి. ఎరుపు గోధుమ రంగుది దొర. పెరిగిన ఆడ గొర్రె ఇంచుమించు 30 కిలోలు, పొట్టేలు 40 కిలోలు తూగుతుంది. మేపు బాగుంటే ఆపైన కూడా.

ఉన్ని లేకపోవడం మనకు మంచిదే. కత్తిరించే పని లేదు, ఎండకు తట్టుకుంటుంది, ఒంట్లో బలమంతా మాంసానికే పోతుంది. ప్రపంచంలో ఇంకా వున్నాయి ఇలాంటివి. పడమటి ఆఫ్రికాలో పొట్టి జాతులున్నాయి, బార్బడోస్ దీవిలో నల్లపొట్ట గొర్రె వుంది. దక్షిణాఫ్రికా వారు 1930 తరువాత ఇంగ్లీషు డార్సెట్ జాతిని నల్లతల పర్షియన్ జాతితో కలిపి డార్పర్ అనే గొర్రెను తయారుచేశారు. వాళ్ళు దాన్ని తయారుచేసింది వానలు తక్కువైన మెట్ట నేలల కోసమని గమనించండి. మన నెల్లూరు గొర్రె కూడా అంతే. అది పుట్టి పెరిగింది ఎర్ర నేలల్లో, గుట్టల పక్కన, పొడి గడ్డి మీద.

అలాంటి జీవాన్ని మనం తెచ్చి డెల్టాలో పెడుతున్నాం. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆనాటి నుంచి మన నేలకు నీళ్ళ కొదవ లేదు. కాలవ, బోదె, మురుగు కోడు, వరిచేను, చెరువు. మనిషికి ఇది వరం. గొర్రెకు మాత్రం కాళ్ళ కింద ఎప్పుడూ తడే. డెల్టాలో గొర్రెలు మేత లేక చావడం తక్కువ, తడి వల్ల చావడం ఎక్కువ. తడి నాలుగు దారుల్లో వస్తుంది: కార్జపు జలగ, కాలి కుళ్ళు, పొట్ట పురుగులు, దోమల వంటి చిన్న ఈగలు. ఈ నాలుగింటినీ అర్థం చేసుకుంటే పెంపకంలో సగం నేర్చుకున్నట్టే.

మెరక, మంచె

గొర్రె పాక ఊళ్ళో వున్నవాటిలో మెరక చోటున వేయాలి. మెరక దొరకనివారు మంచె కట్టాలి. నేల మీద నుంచి మూడడుగుల ఎత్తున సరుగుడు వాసాలు పరిచి, పైన తాటి దబ్బలు గాని బద్దలు గాని దగ్గర దగ్గరగా కొట్టించండి. బద్దకూ బద్దకూ మధ్య వేలి మందం సందు చాలు. పెంటికలు కిందికి రాలాలి, పిల్ల కాలు మాత్రం దూరకూడదు. పెద్ద గొర్రె ఒక్కొక్కదానికి పది చదరపు అడుగుల చోటు కావాలి. అంటే పది గొర్రెలకూ వాటి పిల్లలకూ కలిపి 150 చదరపు అడుగులు. పైన తాటాకో కొబ్బరాకో వేస్తే చాలు, రేకు వేస్తే వేసవిలో ఉడికిపోతాయి. పాక పొడుగు తూర్పు పడమరలుగా వుంటే ఎండ తక్కువగా పడుతుంది. పడమటి జల్లు కొట్టకుండా ఓ తడిక కట్టండి.

మంచె మీద పడుకున్న గొర్రెకు గిట్టలు ఆరతాయి. కింద పడ్డ పెంటికలను వారానికోసారి ఎత్తి గోతిలో వేసుకుంటే కొబ్బరి చెట్లకు, కూరపాదులకు మంచి ఎరువు. రాత్రిపూట వీధికుక్కలు రాకుండా చుట్టూ దడి తప్పనిసరి. ఒక్క రాత్రి కుక్కలు పడితే అయిదు గొర్రెల మంద వుండదు.

1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 తుఫాను చూసినవారు ఈ సభలో చాలామంది వున్నారు. లంకల్లో, కోనసీమలో జీవాలు ఎన్ని కొట్టుకుపోయాయో వారికి తెలుసు. నీళ్ళు వస్తున్నాయని దండోరా వేశాక గొర్రెలను ఎక్కడికి తోలాలో ఆలోచించుకుంటే లాభం లేదు. ఏటిగట్టు ఎంత దూరం, బడి ఆవరణ ఎంత ఎత్తు, ఎవరు తోలుకెళతారు అన్నది జూన్ నెలలోనే ఇంట్లో అనుకుని వుండాలి.

ఎన్ని, ఎప్పుడు కొనాలి

2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల, కురుమ సోదరులకు గొర్రెల పంపిణీ పథకం పెట్టింది. ఒక్కో కుటుంబానికి 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు. మొదట యూనిట్ ఖరీదు లక్షా 25 వేలుగా కట్టి, అందులో 75 శాతం ప్రభుత్వం భరించింది. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద ఏడు కోట్ల 40 లక్షల పైచిలుకు గొర్రెలుంటే తెలంగాణలో సుమారు కోటీ 90 లక్షలు, మన ఆంధ్రలో కోటీ 76 లక్షలు తేలాయి. మొదటి రెండు స్థానాలూ తెలుగువాళ్ళవే. ఆ పథకం చూసి మనవాళ్ళు కూడా ఇరవై అంటున్నారు. అది మంద మేపడం తరతరాలుగా తెలిసిన కులాలకు, బీడు భూములున్న జిల్లాలకు వేసిన లెక్క. పది సెంట్ల దొడ్డి, అద్దెకు తీసుకున్న కొబ్బరి తోట వున్న మన ఇంటికి ఆ లెక్క కుదరదు. మొదటి ఏడు అయిదు, నేర్పు వచ్చాక పది. అంతకు మించితే గడ్డి కోసం ఊరి మీద పడాలి.

కొనడానికి మంచి కాలం డిసెంబరు, జనవరి. సార్వా కోతలై చేలు ఆరతాయి, మోళ్ళ మధ్య గడ్డి, రాలిన గింజ దొరుకుతాయి. వచ్చిన జీవం కొత్త చోటికి అలవాటు పడటానికి వానలలోపు ఆరు నెలలు సమయం వుంటుంది. జూన్‌లో కొంటే ఎండకు వడలిన గొర్రె లారీ దిగీ దిగగానే తడిలో పడుతుంది.

రెండు ఇళ్ళ సంగతి చెబుతాను. పేర్లు వద్దు. పక్కపక్క ఊళ్ళు, ఒకే ఏడు, ఇద్దరివీ చెరి అయిదు గొర్రెలే. ఒకాయన జూన్ నెలలో సంతలో చవగ్గా వచ్చాయని తోలుకొచ్చి, కాలవ గట్టు కింద పల్లంలో కట్టాడు. దీపావళి నాటికి ఒకటి మిగిలింది. రెండో ఇంట్లో ఒక విధవరాలు, ఇద్దరు ఆడపిల్లలు. సంక్రాంతి ముందు కొన్నది. ఊళ్ళో పాత తలుపులు, వెదుళ్ళు అడిగి తెచ్చుకుని మంచె కట్టించుకుంది. మరుసటి సంక్రాంతికి ఆమె దగ్గర అయిదు గొర్రెలూ వున్నాయి, పైన నాలుగు పిల్లలు. ఆయన తెలివితక్కువవాడూ కాదు, ఆమె ఏమీ చదువుకున్నదీ కాదు. ఒకరికి మెరక వుంది, ఒకరికి లేదు.

కొనేటప్పుడు నోరు తెరిచి పళ్ళు చూడండి. అన్నీ పాల పళ్ళయితే ఏడాది లోపుది. ముందు రెండు పెద్ద పళ్ళు వస్తే ఏడాదీ ఏడాదిన్నర. నాలుగు పళ్ళంటే రెండేళ్ళు దగ్గర. ఎనిమిది పళ్ళూ వస్తే నాలుగేళ్ళ దరిదాపు. పళ్ళు అరిగినా ఊడినా ముసలిది. రెండు, నాలుగు పళ్ళ ఆడ గొర్రెలు కొనండి. కింది రెప్ప విప్పి లోపల చూడండి. ఎర్రగా వుంటే మంచిది, తెల్లగా పాలిపోయి వుంటే ఒంట్లో రక్తం లేదు, పురుగులున్నాయి. దవడ కింద నీటి సంచి వుంటే ఎంత చవకైనా వద్దు. తెచ్చిన జీవాన్ని మూడు వారాలు విడిగా కట్టి, ఏ రోగం లేదని తేలాకే పాతవాటితో కలపండి.

ఏడాది పొడుగునా మేపు

మా చిన్నతనంలో కోతలయ్యాక మెట్ట నుంచి గొల్లవారు మందలు తోలుకుని డెల్టాకు వచ్చేవారు. రాత్రి చేలో మంద కట్టిస్తే రైతు ధాన్యమో డబ్బో ఇచ్చేవాడు. చేనుకు ఎరువు, గొర్రెకు మేత. ఇప్పటికీ కొన్నిచోట్ల వస్తూనే వున్నారు. వాళ్ళ దగ్గర కూర్చుని వినండి. మందలో ఏ గొర్రె ఎవరి కూతురో చెప్పగలిగినవాళ్ళు వాళ్ళు. పుస్తకాల్లో లేని సంగతులు వాళ్ళ నోట వస్తాయి.

ఇప్పుడు బీడు తగ్గింది. దాళ్వా వేసిన చోట కోతల తరువాత కూడా ఖాళీ వుండదు. చాలా పల్లపు చేలు చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయ్యాయి. కనుక పూట మేపు, పూట కోసి వేయడం అన్న పద్ధతి మనకు తగినది. దొడ్డి చుట్టూ అవిసె, సుబాబుల్ నాటుకోండి. కొబ్బరి తోట వుంటే నీడలో గినీ గడ్డి వస్తుంది. దాళ్వా వేయని చేలో కోతకు ముందే పిల్లిపెసర చల్లితే ఫిబ్రవరి, మార్చిలో పచ్చగా చేతికి వస్తుంది. పాలిచ్చే గొర్రెకు దానికి మించిన మేత మన నేలలో లేదు. మినప పొట్టు, పెసర పొట్టు, వేరుశనగ కట్టె ఎండబెట్టి దాచుకోండి, కాలవలు కట్టేసిన వేసవిలో అక్కరకొస్తాయి. వరి ఎండుగడ్డి గొర్రెకు కడుపు నింపుతుంది గాని ఒళ్ళు నింపదు.

మూడు జాగ్రత్తలు గట్టిగా చెబుతున్నాను. ఒకటి, పెళ్ళిళ్ళలో, వలీమాల్లో మిగిలిన అన్నం, బిర్యానీ గొర్రెలకు పెట్టకండి. అలవాటు లేని అన్నం ఒక్కసారి తింటే కడుపులో పులిసి, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. పారేయలేక పెట్టామంటారు, పెట్టి గొర్రెనే పారేసుకుంటారు. రెండు, కోళ్ళ దాణా గాని గేదెల ఖనిజ మిశ్రమం గాని గొర్రెకు పెట్టవద్దు. అందులో రాగి పాలు ఎక్కువ. గొర్రె కార్జం రాగిని బయటికి పంపలేక కూడబెట్టుకుంటుంది, ఓ రోజు హఠాత్తుగా ఒళ్ళు పచ్చబడి చస్తుంది. గొర్రెలకని విడిగా అమ్మే మిశ్రమమే అడగండి. మూడు, పురుగుమందు కొట్టిన చేను గట్టు మీద మేపకండి. మేపే ముందు ఆ రైతును ఒక్క మాట అడిగితే సరిపోతుంది.

తడి తెచ్చే జబ్బులు

కార్జపు జలగ ఎలా వస్తుందో చెబుతాను. రోగపు గొర్రె పెంటికల్లో జలగ గుడ్లుంటాయి. అవి నీళ్ళలో పడి పగిలి, కాలవ అంచున వుండే చిన్న నత్తలోకి దూరతాయి. నత్తలో పెరిగి, ఒకటి నూరై బయటికి వచ్చి, నీటి అంచు గడ్డికి అతుక్కుంటాయి. ఆ గడ్డిని గొర్రె తింటే కడుపులో నుంచి కార్జంలోకి వెళ్ళి కూర్చుంటాయి. రెండు మూడు నెలలకు గొర్రె పాలిపోతుంది, చిక్కిపోతుంది, దవడ కింద నీరు దిగుతుంది. సాయంత్రం మేసి వచ్చేసరికి ఆ సంచి పెద్దదై, తెల్లవారేసరికి కాస్త తగ్గుతుంది. తగ్గింది కదా అని ఊరుకుంటారు. అదే ప్రమాదం.

దీనికి మందుకన్నా ముందు నడవడి ముఖ్యం. బోదె అంచున, చెరువు లోపలి గట్టున మేపవద్దు. వేసవిలో చెరువు ఇంకిపోతూ వుంటే ఆ అంచున పచ్చగడ్డి మొలిచి గొర్రెను పిలుస్తుంది, అక్కడే జలగ ఎక్కువ. నీళ్ళు బోరింగు నుంచి తోడి తొట్టిలో పోయండి. వానాకాలంలో మంచు, తడి ఆరాక తొమ్మిది పది గంటలకు గాని తోలవద్దు. మిగతా పొట్ట పురుగుల పిల్లలు కూడా తడి గడ్డి మీదనే పైకి పాకుతాయి.

మందు వానలకు ముందు ఒకసారి, వానల నడుమ ఒకసారి, చలికాలంలో ఒకసారి తాగించాలి. కాని ఏ మందు? పెంటికలు నాలుగు పొట్లం కట్టి ఆసుపత్రికి తీసుకెళితే సూక్ష్మదర్శినిలో చూసి చెబుతారు. జలగకు ఒక మందు, గుండ్రటి పురుగుకు ఒక మందు. దుకాణంలో దొరికిందల్లా నెలనెలా తాగిస్తే పురుగు ఆ మందుకు అలవాటు పడిపోతుంది. దక్షిణాఫ్రికా పశువైద్యులు రెప్ప లోపలి రంగు చూసి, పాలిపోయినవాటికే మందు పోసే పద్ధతి తయారుచేశారు. రంగుల అట్ట ఒకటి వుంటుంది, దానితో పోల్చి చూస్తారు. అది రక్తం పీల్చే గుండ్రటి పురుగు కోసం చేసిన పద్ధతి. పాలిపోవడం జలగ వల్ల కూడా కావచ్చు గనుక మన దగ్గర పెంటికల పరీక్ష కూడా వుండాలి. చూడి కట్టిన తొలి నెలలో కొన్ని మందులు కడుపులో పిల్లకు కీడు చేస్తాయి. చూడి సంగతి డాక్టరు గారికి ముందే చెప్పండి.

కాలి కుళ్ళుకు జింకు సల్ఫేటు వాడవచ్చు. వరికి చల్లడానికి మన రైతుల ఇళ్ళల్లో వుండేదే. పది లీటర్ల నీళ్ళకు కిలో చొప్పున కలిపి, వెడల్పాటి తొట్టిలో పోసి, అయిదు నిమిషాలు గొర్రెల్ని నిలబెట్టండి. ఆ నీళ్ళు తాగనివ్వకండి. పెరిగిన గిట్టలు వానలకు ముందే చెక్కించండి.

నీలినాలుక వానల చివర, చలి మొదట్లో వస్తుంది. జ్వరం, మూతి వాపు, నోట్లో పుండ్లు, కుంటు. ఇది దోమకన్నా చిన్న ఈగ కుట్టడం వల్ల వచ్చేది. పొద్దుగూకే వేళ పాకలో వేపాకు పొగ వేస్తే ఈగ కొంత తగ్గుతుంది. వైరసుల్లో 1, 2, 10, 16, 23 అనే అయిదు రకాలకు కలిపి మన దేశంలోనే టీకా తయారైంది.

టీకాల్లో మరో రెండు మరవకూడదు. చిటుక రోగం వానలకు లేచిన లేత పచ్చిక మేసినప్పుడు వస్తుంది. మందలో అన్నిటికన్నా బలిసిన పిల్లే ముందు పోతుంది. పొద్దున గెంతిన పిల్ల సాయంత్రానికి వుండదు. మే నెలలోనే టీకా వేయించాలి. మొదటిసారి వేయించేవారు 15 రోజుల తేడాతో రెండు మోతాదులు వేయించాలి. పారుడు రోగం మన దేశంలో మొదట 1987లో తమిళనాడులో గుర్తించారు. ముక్కు కారడం, నోటి పుండ్లు, విరేచనాలు. దీనికి ఒక్కసారి టీకా వేయిస్తే మూడేళ్ళు కాపాడుతుంది. పిల్లలకు మూడు నాలుగు నెలలు నిండగానే వేయించండి. గొర్రె బొబ్బలు, గాలికుంటు టీకాలు డాక్టరు గారు చెప్పిన నెలలో. ఆసుపత్రి దూరమైతే 1962 నంబరుకు ఫోను చేయండి, సంచార పశువైద్య వాహనం ఏర్పాటు వుంది.

ఈత, పిల్ల, బక్రీద్

గొర్రెకు చూడి అయిదు నెలలు. పొట్టేలును జూలై, ఆగస్టుల్లో కలిపితే డిసెంబరు, జనవరిలో ఈనతాయి. పిల్ల పొడి నేల మీద పడుతుంది, తల్లికి పిల్లిపెసర అందుతుంది. పుట్టిన గంటలోపు ముర్రుపాలు తాగించాలి. బొడ్డుకు టింక్చరు అయొడిన్ అద్దాలి. మాయ పడలేదని పాలు ఆపేవారు వున్నారు, అది పిల్ల ప్రాణానికే ముప్పు. మూడు నెలలకు పాలు మాన్పించవచ్చు.

మనవాళ్ళకు మంచి బేరం బక్రీద్. కాని బక్రీద్ మన కాలెండరులో ఒకచోట నిలవదు, ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న చేసుకున్నాం. 2030 నాటికి ఏప్రిల్ నడుమకు వస్తుంది. డిసెంబరులో పుట్టిన పొట్టేలు పిల్ల ఆపై ఏడాది మే, జూన్‌లకు పదిహేడు పద్దెనిమిది నెలలది అవుతుంది. రెండు పళ్ళు వచ్చి నిండుగా కనిపిస్తుంది. పండుగ ముందుకు జరిగే కొద్దీ ఈ లెక్క కొత్తగా వేసుకోవాలి.

ఇంకో మాట. కుంటిది, గుడ్డిది, బాగా చిక్కినది, చెవి ఎక్కువ భాగం తెగినది ఖుర్బానీకి తీసుకోరు. గుర్తు కోసం చెవులు లోతుగా కోసే అలవాటు మానండి. బీమా పోగు చిన్న రంధ్రమే గనుక దానితో ఇబ్బంది లేదు. సందేహం వుంటే ఇమాము గారిని అడిగి తెలుసుకోండి. కుక్క కరిచిన చెవి, మాననిచ్చిన కుంటు పండుగనాడు బేరంలో తెలుస్తాయి. జీవాన్ని ఏడాది పొడుగునా బాగా చూసుకోవడం కూడా ఆ ఖుర్బానీలో భాగమేనని నా నమ్మకం.

లెక్క, మనవి

రూపాయల లెక్క చెప్పను, ధర ఏటా మారుతుంది. కిలోల్లో చెబుతాను. ఇది వాగ్దానం కాదు, లెక్క వేసుకునే తీరు. పది గొర్రెల్లో తొమ్మిది ఈనాయనుకోండి. ఎనిమిది పిల్లలు పెరిగాయనుకోండి, నాలుగు మగ, నాలుగు ఆడ. రెండు ఆడపిల్లల్ని మందకు వుంచి, వాటి బదులు రెండు ముసలి గొర్రెల్ని తీసేస్తాం. అమ్మేవి ఆరు పిల్లలు, తలా 20 కిలోలు చొప్పున 120 కిలోలు. ముసలివి రెండూ 56 కిలోలు. మొత్తం 176 కిలోల బరువు. ఊళ్ళో ఆనాటి ధరతో మీరే గుణించుకోండి. ఒక్క పిల్ల చస్తే పిల్లల రాబడిలో ఆరో వంతు పోతుంది. ఒక తల్లి చస్తే రాబోయే ఏళ్ళ రాబడి పోతుంది. ఆడ గొర్రెను అమ్మి వాయిదా కట్టడమంటే విత్తనాల బస్తా వండుకు తిన్నట్టే.

అందుచేత కార్యవర్గం వారికి నాలుగు మనవులు.

మొదటిది, గొర్రెల అప్పులో మొదటి భాగం మంచెకు ఇవ్వండి. మంచె లేచిందని ఇద్దరు సభ్యులు చూసి వచ్చాక రెండో భాగం గొర్రెలకు ఇవ్వండి.

రెండోది, ఆ డబ్బు డిసెంబరు, జనవరిలోనే ఇవ్వండి. వేసవిలో దరఖాస్తు వస్తే ఆగమని చెప్పండి. ఆరు నెలలు ఆగితే నష్టం లేదు.

మూడోది, వాయిదాలు మొదటి పిల్లలు అమ్మాకే మొదలుపెట్టండి. తెచ్చిన మరునెల నుంచే కట్టమంటే ఆ ఇల్లాలు చేయగలిగింది ఒక్కటే, ఒక గొర్రెను అమ్ముకోవడం.

నాలుగోది, అయిదు గొర్రెల ఇంటికి విడిగా పొట్టేలు దండగ. ఒక మంచి పొట్టేలు పాతిక గొర్రెలకు చాలు. అయిదు ఇళ్ళకు కలిపి సంఘమే ఒక జోడిపి పొట్టేలును కొనివ్వాలి. రెండేళ్ళకోసారి దాన్ని మార్చాలి, లేకపోతే తన కూతుళ్ళతోనే కలిసి సంతానం క్షీణిస్తుంది. పేరు గొప్ప విదేశీ జాతి అని వేలకు వేలు అడిగేవారి మాట నమ్మకండి. మన తడికి, మన ఎండకు, మన మేతకు ఇక్కడ నిలిచిన జీవం పిల్లే మేలు. టీకాల రోజు అయిదు ఇళ్ళవాళ్ళూ గొర్రెల్ని ఒకచోట చేరిస్తే డాక్టరు గారికీ సులువు.

చివరగా అమ్మలకు, ఆపాలకు ఒక మాట. మగవాళ్ళు కొని తెస్తారు, అమ్మి వస్తారు. నడుమ సాకేది మీరు. రెప్ప పాలిపోయిందని, ఒకటి వెనకబడిందని ముందు కనిపెట్టేది మీ కన్నే. అప్పు కాగితం మీద ఆ ఇంటి ఆడమనిషి పేరు కూడా రాయించమని అధ్యక్షుల వారిని వేడుకుంటున్నాను.

 అల్లాహ్ మన ఇళ్ళకు, మన జీవాలకు బర్కత్ ప్రసాదించుగాక. ఖుదా హాఫిజ్, సెలవు.